మెయిన్ బోర్డు ఏ గోడకు?

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇల్లు కట్టించుకునేవారు వాకిలి ఎటు తిరగాలో, వంటగది ఏ మూల ఉండాలో నెలల తరబడి ఆలోచిస్తారు. మెయిన్ బోర్డు సంగతి మాత్రం గోడలు లేచి, పైపుల కోసం గాడి కొట్టే రోజున ఎలక్ట్రీషియన్ అడిగితే తప్ప చర్చకు రాదు. అప్పటికి మిగిలే చోటు మెట్ల కిందో, తలుపు వెనకో ఉంటుంది. ఇంటి కరెంటంతా ఒకచోట చేరి అక్కడి నుంచే గదులకు చీలుతుంది కనుక, ఆ చోటును ప్లాను గీసేటప్పుడే గుర్తించడం అవసరం.

మొదట చూడవలసింది దూరం. గీజర్లకు సాధారణంగా వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరు పొడవున దాదాపు 0.007 ఓముల నిరోధం ఉంటుంది. 3 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల వద్ద 13 ఆంపియర్లు తీసుకుంటుంది. అది బోర్డుకు 20 మీటర్ల దూరంలో ఉంటే, కరెంటు తెచ్చే తీగ (ఫేజు), తిరిగి తీసుకెళ్లే తీగ (న్యూట్రల్) కలిపి కరెంటు 40 మీటర్ల తీగలో ప్రయాణించాలి. దారిలోనే మూడున్నర వోల్టులు తగ్గి, సుమారు 45 వాట్లు గోడలోని పైపులో వేడిగా మారిపోతాయి. అందువల్ల గీజరు, ఏసీ, వంటగది వంటి బరువైన లోడ్లకు బోర్డు వీలైనంత దగ్గరగా ఉండాలి. మీటరు రీడింగు తీసేవారికి అందేలా మీటరు బయట ఉండక తప్పదు. అయితే మీటరు నుంచి బోర్డుకు వచ్చే తీగ ఇంటి లోడు మొత్తాన్నీ మోస్తుంది కనుక ఆ దూరాన్నీ తగ్గించుకోవాలి.

మన ప్రాంతంలో చాలామంది అగ్నికి సంబంధించినదని బోర్డును ఆగ్నేయంలో పెట్టమంటారు. వంటగది కూడా ఆ మూలనే ఉండటం వల్ల లోడ్ల దగ్గరితనం దృష్ట్యా ఇది కొంతవరకు సరైనదే. కానీ వంటగది లోపల పెట్టడాన్ని నేను సమర్థించను. స్విచ్ తెరుచుకునేటప్పుడు దాని కొనల మధ్య చిన్న నిప్పురవ్వ పుడుతుంది. లీకైన గ్యాసుకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. పొయ్యి పైన, సింకు పైన, స్నానాల గదిలో స్విచ్‌బోర్డు పెట్టరాదని భారతీయ ప్రమాణం ఐఎస్ 732 కూడా చెబుతోంది. అదే గోడకు అవతల, భోజనాల గది వైపు పెడితే రెండు అవసరాలూ తీరతాయి. అయితే ఆ గోడ వెనక స్నానాల గది కాని, నీళ్ల పైపు కాని లేకుండా చూసుకోవాలి.

వేడి సంగతికి తగినంత ప్రాధాన్యం ఇవ్వడం లేదన్నది నా అభిప్రాయం. ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయి సరఫరాను ఆపే స్విచ్) లోపల రెండు వేర్వేరు లోహాలను అతికించిన సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. కరెంటు పరిమితి దాటితే పట్టీ వేడెక్కి, రెండు లోహాలూ ఒకే తీరున సాగవు కనుక ఒక వైపు వంగి, మీటను విడిపిస్తుంది. షార్ట్ సర్క్యూట్ అయితే తీగచుట్ట అయస్కాంతంగా మారి అదే మీటను క్షణంలో లాగేస్తుంది. ఇళ్లలో వాడే ఎంసీబీల పట్టీని సాధారణంగా 30 డిగ్రీల ఉష్ణోగ్రతను ప్రామాణికంగా తీసుకుని సరిచేస్తారు. తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సాయంత్రపు ఎండ తగిలే పడమటి గోడలో, మూసి ఉన్న ఇనుప పెట్టె లోపల అది ఇంకా ఎక్కువ. పట్టీ ముందే కొంత వంగి ఉంటుంది కనుక పరిమితి దాటని లోడుకే ఎంసీబీ పడిపోవచ్చు. అప్పుడు విసిగిపోయి 20 ఆంపియర్ల ఎంసీబీ తీసి 32 ఆంపియర్లది బిగించుకుంటారు. గోడలోని తీగ మాత్రం పాతదే కావడంతో, అది కాలుతున్నా ఎంసీబీ పడదు. పడమటి గోడను వదిలి నీడపట్టున లోపలి గోడను ఎంచుకుంటే ఈ ప్రమాదం మొదలయ్యే అవకాశమే చాలావరకు తగ్గుతుంది.

2021 నవంబరు వర్షాలకు తిరుమల కొండల నుంచి దిగిన నీరు తిరుపతి వీధులను ముంచెత్తింది. పల్లపు ప్రాంతంలో ఇల్లు ఉంటే బోర్డును నేలమాళిగలో పెట్టకూడదు. నీరు పైనుంచి కూడా వస్తుంది. మిద్దె మీది సోలార్ పలకల నుంచి దిగే పైపు నోరు ఆకాశం వైపు తెరిచి ఉంటే, వాన నీరు తీగల వెంటే జారి సరాసరి బోర్డులో పడుతుంది. ఆ నోటిని కిందికి వంచి మూయాలి.

ప్రమాద సమయంలో, చీకట్లో, ఇంట్లో ఎవరికైనా మెయిన్ స్విచ్ అందాలి. నేల నుంచి సుమారు మీటరున్నర ఎత్తు సరిపోతుంది. ముందర ఒక మీటరు ఖాళీ వదలాలి. బీరువా వెనక దాచిన బోర్డులో స్క్రూ వదులై, అక్కడి తీగ తొడుగు గోధుమ రంగుకు తిరిగినా ఎవరికీ కనబడదు. వదులైన అతుకు వద్ద నిరోధం 0.1 ఓము ఉన్నా, 20 ఆంపియర్లు ప్రవహిస్తే ఆ ఒక్క బిందువులో 40 వాట్ల వేడి పుడుతుంది.

ఎర్తింగ్ గుంతకూ ఇదే ప్లానులో చోటు చూపాలి. కొండ దగ్గరి స్థలాల్లో కొద్ది లోతులోనే బండ తగులుతుంది కనుక తేమ నిలిచే మట్టి ఉన్న వైపు వెతికి, అక్కడి నుంచి బోర్డుకు తీగ పొట్టిగా ఉండేలా చూసుకోవాలి. ఎర్తింగ్ బాగుంటే, గీజరులో లీకేజీ మొదలైన వెంటనే, వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడాను పసిగట్టే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కరెంటును ఆపేస్తుంది. ఎర్తింగ్ లేకపోతే అదే పరికరం, ఎవరో ఒకరు ఆ గీజరును ముట్టుకుని వారి శరీరం గుండా కరెంటు ప్రవహించే దాకా పడకపోవచ్చు.