లాడ్ బజార్ జనాన్ని నూనె రంగుల్లో వేయడం గురించి

చిరంజీవులకు ఆశీస్సులు.

చార్మినార్ దగ్గరి సాయంకాలపు రద్దీని నూనె రంగుల్లో వేయాలని ఉందని, అంతమందిని ఎవరి దగ్గర మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశారు. ఎవరి దగ్గరా మొదలుపెట్టకండి. ముందు జనమంతటినీ కలిపి ఒకే ఆకారంగా వేయండి. మనుషులు ఆ తరువాత అందులోంచి వస్తారు.

పొద్దు వాలే వేళ చార్మినార్‌కు పడమటి పక్కన నిలబడి లాడ్ బజార్ లోపలికి చూడండి. వెలుగు ఎదురుగా వస్తుంది కనుక, కళ్లు సగం మూసి చూస్తే గాజుల దుకాణాల నడుమ కదిలే జనం ఒకే ముదురు పట్టీగా కలిసిపోతారు, తలల మీదా భుజాల మీదా మాత్రం సన్నని వెలుగు అంచు మెరుస్తుంది. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగును టర్పెంటైన్‌తో పలుచన చేసుకుని, వెడల్పాటి కుంచెతో ఆ పట్టీని ఒక్కసారిగా పరచండి. ముఖాలు, చేతులు, కాళ్లు ఇప్పుడు వద్దు.

తరువాత దృశ్యంలో మీ కంటి ఎత్తు ఎక్కడ వస్తుందో, కాన్వాసు మీద అక్కడ అడ్డంగా ఒక గీత గీయండి. చదునైన నేల మీద నిలబడి చూస్తున్నప్పుడు, మీ అంత పొడవున్న వారి తలలు దగ్గరివైనా దూరపువైనా ఆ గీత దగ్గరే ఉంటాయి. దూరం పెరిగే కొద్దీ పాదాలు మాత్రం పైకి జరుగుతాయి. కొత్తవారు దూరపు మనుషుల తలలను కూడా పైకి జరుపుతారు, దానితో వీధి కొండ ఎక్కుతున్నట్లు తయారవుతుంది. చార్మినార్ పై అంతస్తు నుంచి చూసి వేస్తే లెక్క మారుతుంది: కంటి గీత పైకి పోతుంది, వీధిలోని తలలన్నీ దాని కిందికి వస్తాయి. ఫ్రెంచ్ చిత్రకారుడు కామీయ్ పిస్సారో 1897లో పారిస్‌లోని ఒక హోటల్ గది కిటికీలోంచి మోమార్త్ర్ బులెవార్డు అనే వెడల్పాటి వీధిని చూస్తూ 14 చిత్రాలు వేశారు. వాటిలోని జనం చాలావరకు చిన్న చిన్న కుంచె తాకిడులే, అయినా వారు నడుస్తున్నారని మనకు అనుమానమే రాదు. మీరూ ముందు వరుసలోని ముగ్గురు నలుగురిని మాత్రమే పూర్తిగా వేసి, మిగతావారిని తాకిడులుగానే వదిలేయండి.

ఆ బజారులో నల్ల బురఖాలు ఎక్కువ. వాటికి ట్యూబులోని నలుపు వాడితే కాన్వాసుకు చిల్లు పడినట్లు కనిపిస్తుందని నా అభిప్రాయం. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ అంబర్ కలపండి. ఆకాశం తగిలే భుజాల దగ్గర నీలం పాలు, నీడలో అంబర్ పాలు పెంచండి.

నూనె రంగు నీళ్లలా ఆవిరై ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని గట్టిపడుతుంది. అందుకే కింది పొరలో నూనె తక్కువగా, పై పొరల్లో క్రమంగా ఎక్కువగా ఉండాలి. తారుమారైతే పై పొర ముందే బిగిసి, తరువాత పగుళ్లు పడుతుంది. అంబర్‌లో మాంగనీసు ఉండటం వల్ల అది త్వరగా ఆరుతుంది కనుకనే మొదటి పొరకు దానిని చెప్పాను. పూర్తయిన చిత్రానికి వార్నిష్ పూయడానికి కనీసం 6 నెలలు ఆగండి.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. నూనె అంటిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి లోపలే నిలిచి, గుడ్డలు వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని విడదీసి ఆరుబయట పరచండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి. టర్పెంటైన్ వాడేటప్పుడు గది కిటికీలు తెరిచే ఉంచండి.

మీ తాతయ్య