కొత్త చిప్పులో పాత కోర్

2017 జనవరిలో రెడ్‌మీ నోట్ 4 మన దేశంలో విడుదలైనప్పుడు, దాన్ని నోట్ 3 పక్కన పెట్టి చూసినవాళ్లు తికమకపడ్డారు. కొత్త ఫోనులోని ప్రాసెసర్ చిప్పు స్నాప్‌డ్రాగన్ 625: ఎనిమిది కోర్లు (అసలు లెక్కలు చేసే భాగాలు), వేగం 2 గిగాహెర్ట్జ్. పాతదానిలో స్నాప్‌డ్రాగన్ 650: ఆరే కోర్లు, 1.8 గిగాహెర్ట్జ్. డబ్బా మీది అంకెలను నమ్మితే కొత్తదే గెలవాలి. తీరా చూస్తే, ఒక్క కోర్ సత్తాను కొలిచే పరీక్షల్లో పాతదే చాలా ముందుంది. బ్యాటరీ సామర్థ్యం రెండింటిలోనూ దాదాపు ఒకటే అయినా, ఎక్కువసేపు నిలిచింది మాత్రం కొత్త ఫోనే.

చిక్కంతా ‘తరం’ అనే మాటలో ఉంది. ప్రాసెసర్‌కు రెండు వయసులుంటాయి. కోర్ నమూనా ఏనాటిదన్నది ఒకటి, దాన్ని సిలికాన్ మీద ఏ పద్ధతిలో అచ్చు వేశారన్నది మరొకటి. 625లోని ఎనిమిది కోర్లూ, కోర్ నమూనాలు రూపొందించే ఆర్మ్ సంస్థ 2012లో ప్రకటించిన కార్టెక్స్-ఎ53లు. 650లోని రెండు పెద్ద కోర్లు 2015 నాటి కార్టెక్స్-ఎ72లు, మిగిలిన నాలుగూ ఎ53లే. అచ్చు దగ్గరికి వస్తే వరస తారుమారవుతుంది: 650ది పాత 28 నానోమీటర్ల పద్ధతి, 625ది కొత్త 14 నానోమీటర్లది. (ఈ నానోమీటర్లు అప్పటికే కొలతలుగా కాక పేర్లుగా మిగిలాయి. ఆ గొడవ ఇక్కడ వద్దు.)

ఎ53కూ ఎ72కూ ఉన్న తేడా తెలియాలంటే ఉదయం ఎనిమిది గంటలకు టిఫిన్ సెంటర్ ముందు నిలబడితే చాలు. వరుసలో మొదటి మనిషి ఉప్మా పెసరట్టు అడిగాడు. ఉప్మా ఇంకా పొయ్యి మీదే ఉంది. వెనకున్న ఇద్దరికి కావలసింది ఇడ్లీలు, అవి సిద్ధంగా ఉన్నాయి. ఎ53 లాంటి వంటమనిషి వరుస తప్పడు. ఉప్మా దిగేదాకా ఇడ్లీల వాళ్లూ నిలబడాల్సిందే. ఎ72 లాంటివాడు ఇడ్లీలు ముందే ప్లేట్లలో పెట్టేస్తాడు, బిల్లు మాత్రం టోకెన్ల వరుసలోనే కొడతాడు. రోజూ వచ్చే మనిషి కనబడగానే, అడగకముందే పెనం మీద దోసె వేస్తాడు కూడా. అంచనా తప్పితే ఆ దోసె వృథా, దానికైన గ్యాసూ వృథా.

ప్రాసెసర్‌కు ఉప్మా అంటే మెమరీ నుంచి రావలసిన సమాచారం. 2 గిగాహెర్ట్జ్ దగ్గర కోర్ గడియారపు ఒక్కో టిక్కు అర నానోసెకను. ప్రధాన మెమరీకి వెళ్లి రావడానికి సుమారు 100 నానోసెకన్లు, అంటే 200 టిక్కులు. ఎ53 టిక్కుకు రెండు ఆదేశాలు అందుకోగలదు. కాబట్టి ఒక్క నిరీక్షణలో దాదాపు 400 ఆదేశాలకు సరిపడే సమయం పోవచ్చు. అంత పొడవైన విరామాన్ని ఎ72 కూడా పూర్తిగా పూడ్చలేదు. కోర్‌కు దగ్గర్లో ఉండే చిన్న, వేగమైన క్యాష్ మెమరీ వల్ల వచ్చే పది, ఇరవై టిక్కుల విరామాలను మాత్రం చాలావరకు వేరే పనితో నింపేస్తుంది. పైగా టిక్కుకు మూడు ఆదేశాలు అందుకుంటుంది.

మరి ఎనిమిది కోర్లు ఎందుకు గట్టెక్కించలేదు? యాప్ తెరిచినప్పుడు, వెబ్ పేజీని పేర్చేటప్పుడు పనిలో పెద్ద భాగం ఒకటి తరవాత ఒకటిగానే సాగుతుంది. ఒక్క దోసెను ఎనిమిది మంది కలిసి వేసినా తొందరగా కాలదు. యాపిల్ 2013లోనే ఐఫోన్ 5ఎస్‌లో రెండు కోర్ల సొంత ఎ7 చిప్పు పెట్టింది. వేగం 1.3 గిగాహెర్ట్జ్ మాత్రమే, కానీ ఒక్కో కోర్ టిక్కుకు ఆరు ఆదేశాల దాకా అందుకుంటుంది. అప్పటికి ఆండ్రాయిడ్ తయారీదారులు కోర్ల లెక్కతో పోటీకి దిగారు. ఆ పోటీ ఇంజనీర్ల కంటే దుకాణదారులకే ఎక్కువ పనికొచ్చిందని నా అభిప్రాయం.

అలాగని 625ను తక్కువ చేయలేం. చిప్పులోని ఒక్కో చిన్న స్విచ్చు ఒక ట్రాన్సిస్టర్, దాన్ని ఆన్, ఆఫ్ చేసే మీట గేటు. 28 నానోమీటర్ల ట్రాన్సిస్టర్‌లో గేటు పైనుంచి మాత్రమే కరెంటును అదుపు చేస్తుంది. కట్టేసిన కుళాయి చుక్కలు కార్చినట్టు, ఆపేసినా కొంత కరెంటు కారుతుంది. 14 నానోమీటర్లలో కరెంటు పారే దారిని నిలువు రెక్కలా లేపి, గేటును మూడు వైపులా చుట్టారు. కారడం తగ్గింది, తక్కువ వోల్టేజీ సరిపోయింది. ట్రాన్సిస్టర్లను ఆన్, ఆఫ్ చేయడానికయ్యే విద్యుత్తు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే ఆ ఖర్చు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. ఎలాగూ పొదుపరి అయిన ఎ53కు ఇది కలిసొచ్చింది.

ఖరీదైన ఫోన్లలో ఎ53లా వరుస తప్పని కోర్లకు కాలం చెల్లుతోంది. చిప్పుల సంస్థ మీడియాటెక్ 2023లో తెచ్చిన డైమెన్సిటీ 9300లో అలాంటిది ఒక్కటీ లేదు. పనిని త్వరగా ముగించి నిద్రపోవడమే పొదుపన్నది అక్కడి లెక్క. అదే సంస్థ మరుసటి ఏడాది చవక ఫోన్ల కోసం తెచ్చిన డైమెన్సిటీ 6300ది 6 నానోమీటర్ల అచ్చు. అందులోని ఎనిమిది కోర్లలో ఆరు ఎ53 తమ్ముళ్లే. వాటి పేరు ఎ55, ఆర్మ్ వాటిని ప్రకటించింది 2017లో.