కోడ్ చుట్టూ ఉన్న తెలుపు కూడా కోడే

క్యూఆర్ కోడ్ నడుమ చిన్న లోగో అంటించినా ఫోన్ దాన్ని చదివేస్తుంది. మధ్యలో కాస్త చెరిగినా, నూనె మరక పడినా చాలా సందర్భాల్లో డబ్బు చేరాల్సిన ఖాతాకే చేరుతుంది. అదే కోడ్‌లో ఒక్క చుక్కను కూడా చెరపకుండా, దాని నాలుగు వైపులా అంచుకు ఆనుకునేలా మార్కర్ పెన్నుతో మందమైన నల్లగీత గీసి చూడండి. లోపలి సమాచారం చెక్కుచెదరకపోయినా కొన్ని ఫోన్లు తడబడతాయి, కొన్ని అక్కడ కోడ్ ఉన్నట్టే గుర్తించవు. గాయమైతే తట్టుకునే కోడ్ చుట్టూ గీత గీస్తే ఎందుకు లొంగిపోతుందన్న ప్రశ్నకు జవాబు, మనం ఉత్త ఖాళీ అనుకుని కత్తిరించి పారేసే తెల్లని అంచులో ఉంది.

2016లో యూపీఐ మొదలైన తర్వాత ఈ నలుపు తెలుపు చదరాలు నల్లగొండ గడియారం సెంటర్‌లోని మిర్చి బండి మీదికి, బత్తాయిల తోపుడు బండి మీదికి, మహబూబ్‌నగర్ పల్లెల్లోని కిరాణా కొట్టు గల్లా పెట్టె పక్కకు చేరాయి. అసలుది చాలావరకు చెల్లింపుల యాప్ కంపెనీ ఇచ్చిన అట్టే అయినా, అది పాతబడ్డాక వాట్సాప్‌లో పంపిన బొమ్మను డీటీపీ సెంటర్‌లో ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, స్టాండుకు సరిపోయేలా కత్తిరించి పెట్టుకోవడం మామూలైపోయింది. కత్తెర ముందుగా పడేది తెలుపు మీదే. నలుపు తెగితే తప్పు జరిగిందని ఎవరికైనా తెలుస్తుంది గాని, తెలుపు తెగితే పని నీటుగా వచ్చినట్టు అనిపిస్తుంది.

క్యూఆర్ కోడ్‌లోని ఒక్కొక్క చిన్న చదరాన్ని ఇక్కడ గడి అందాం. ఈ కోడ్‌కు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 18004 ప్రకారం, నాలుగు వైపులా కనీసం 4 గడుల వెడల్పున ఏమీ ముద్రించని ఖాళీ ఉండాలి. దీన్ని ముద్రణ రంగంలో క్వైట్ జోన్ అంటారు. అది మిల్లీమీటర్లలో చెప్పిన కొలత కాదు, గడుల్లో చెప్పిన కొలత. కాబట్టి కోడ్ పెద్దదైతే ఖాళీ కూడా దానితోపాటు పెరగాలి. ఆ ఖాళీ తెల్లగానే ఉండాలన్న నియమం లేదు, కోడ్‌లోని లేత గడులు ఏ రంగులో ఉన్నాయో అదే రంగులో ఉంటే చాలు.

ఈ 4 గడుల పని అర్థం కావాలంటే ఫోన్ కోడ్‌ను ఎలా వెతుకుతుందో చూడాలి. క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం వాహనాల విడిభాగాల లెక్క కోసం రూపొందించింది. వారికి ఎదురైన పెద్ద చిక్కు సమాచారాన్ని దాచడం కాదు, కాగితం మీదున్న నానా రకాల అక్షరాలు, బొమ్మల మధ్య కోడ్ ఎక్కడుందో యంత్రం తక్షణం పసిగట్టడం. అందుకోసం వారు కరపత్రాలు, పత్రికలు, అట్టపెట్టెల మీది ముద్రణను పరిశీలించి, అందులో నలుపు తెలుపులు అతి అరుదుగా కనిపించే నిష్పత్తి ఏదో వెతికారు. తేలిన నిష్పత్తి 1:1:3:1:1. కోడ్ మూడు మూలల్లో కనిపించే పెద్ద చదరాలు ఆ నిష్పత్తికే రూపం. బయట ఒక గడి మందంతో నల్లని చట్రం, దాని లోపల ఒక గడి తెల్లని చట్రం, నడుమ 3 గడుల నల్లని దిమ్మె ఉంటాయి. దాని మధ్యగా ఏ కోణంలో గీత గీసినా ఒక వంతు నలుపు, ఒక వంతు తెలుపు, మూడు వంతుల నలుపు, మళ్లీ ఒక వంతు తెలుపు, ఒక వంతు నలుపు వస్తాయి. అందుకే ఫోన్‌ను తలకిందులుగా పట్టుకున్నా, పక్కకు వంచినా కోడ్ దొరుకుతుంది.

కెమెరా తీసిన బొమ్మలో సాఫ్ట్‌వేర్ ఒక్కో వరుసనూ చదువుతూ, నలుపు ఎంత దూరం సాగింది, తెలుపు ఎంత దూరం సాగింది అని కొలుస్తూ పోతుంది. కోడ్ అంచుకు ఆనుకుని 2 గడుల మందాన నల్లని గీత ఉందనుకుందాం. అప్పుడు మూల చదరపు బయటి నలుపు, ఆ గీత కలిసిపోయి 3 గడుల నలుపుగా కనిపిస్తాయి. యంత్రానికి దొరికే నిష్పత్తి 3:1:3:1:1. అది వెతుకుతున్నది ఇది కాదు. బాగా వాడుకలో ఉన్న ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఒక్కో గడిలో సుమారు సగం దాకా తేడాను సహిస్తుంది గాని, ఒకటి మూడుగా మారితే సహించదు. ఆ చట్రం కోడ్ చుట్టూ తిరిగి ఉంటుంది కాబట్టి మూడు మూలలకూ ఒకేసారి ఇదే గతి పడుతుంది.

అలాగైతే ఒక్క గడి తెలుపు వదిలినా సరిపోవాలి కదా, నాలుగెందుకన్న అనుమానం రావడం సహజం. కాగితం మీద గీసిన లెక్కలో ఒకటి సరిపోతుంది. ముద్రించిన కాగితాన్ని చేతిలోని కెమెరాతో చూసినప్పుడు ఆ ఒక్క గడి మిగలదు. నాసి కాగితంపై సిరా పాకి నలుపు ఉబ్బుతుంది, తెలుపు కుంచించుకుపోతుంది. ఏటవాలుగా చూసినప్పుడు దూరపు వైపు గడులు సన్నబడతాయి. చేయి వణికితే, దృష్టి కుదరకపోతే పక్కపక్కనున్న నలుపు తెలుపులు అలుక్కుపోయి బూడిదరంగవుతాయి. ఇవన్నీ ఒకేసారి జరిగినా బయటి ప్రపంచానికీ కోడ్‌కూ మధ్య ఎంతో కొంత తెలుపు మిగలాలి. 4 గడులు ఆ తరుగును ముందే లెక్కలో వేసుకున్న వెడల్పు.

ఇక లోగోను తట్టుకున్న కోడ్ ఈ గీతను ఎందుకు తట్టుకోలేదో చూద్దాం. క్యూఆర్ కోడ్‌లో తప్పులను సరిదిద్దుకునే శక్తి ఉన్నమాట నిజమే. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ ప్రతిపాదించిన గణిత పద్ధతితో అసలు సమాచారానికి తోడుగా అదనపు సంకేతాలను చేరుస్తారు. ఎంత చేర్చారన్నదాన్ని బట్టి సుమారు 7, 15, 25, 30 శాతం వరకు నష్టాన్ని పూడ్చుకునే నాలుగు స్థాయిలు ఉన్నాయి. అయితే ఈ చికిత్స అంతా కోడ్ దొరికి, దాని మూలలు గుర్తించి, గడులను వరుసగా చదివిన తర్వాతే మొదలవుతుంది. మూల చదరాలు, వాటి చుట్టూ ఉండాల్సిన ఖాళీ ఆ గణితం పరిధిలోకే రావు. అసలు దొరకని కోడ్‌కు అత్యున్నత స్థాయి దిద్దుబాటు ఉన్నా ఒరిగేదేమీ లేదు. లోగో పెడుతున్నాం కాబట్టి దిద్దుబాటు స్థాయి పెంచాలని తెలిసిన డిజైనర్లు కూడా, అదే ధైర్యంతో అంచును నూలు పోగంత చేసేయడం ఇక్కడే తప్పు.

ఖాళీ అంచుకు ఇంకో పని కూడా ఉంది. కెమెరాకు కనిపించేది నలుపు తెలుపులు కావు, రకరకాల బూడిదరంగులు. చెట్టునీడ సగం పడిన కోడ్‌లో నీడలోని తెలుపు, ఎండలోని నలుపు దాదాపు ఒకే వెలుగులో ఉండవచ్చు. అందుకే చాలా సాఫ్ట్‌వేర్లు బొమ్మనంతా ఒకే కొలబద్దతో తేల్చకుండా, చిన్నచిన్న ముక్కలు చేసి, ఆ చుట్టుపక్కల సగటు వెలుగుతో పోల్చి ఇది నలుపా తెలుపా అని నిర్ణయిస్తాయి. మూల చదరం దగ్గరి ముక్కకు ఇరుగుపొరుగు అంటే ఈ ఖాళీ అంచే. అక్కడ ముదురు రంగు నింపితే ఆ సగటు కిందికి జారి, అంచు దగ్గరి గడుల తీర్పు తారుమారయ్యే ప్రమాదం ఉంటుంది.

దసరా ఆయుధపూజ నాడు త్రాసుకు, గల్లా పెట్టెకు బొట్టు పెట్టే చేత్తోనే ఇప్పుడు చాలా దుకాణాల్లో కోడ్ స్టాండుకూ పసుపు కుంకుమలు పెడుతున్నారు. ఆ సంప్రదాయానికి ఏ అభ్యంతరమూ చెప్పనక్కర్లేదు, చోటు చూసుకుంటే చాలు. రంగుల బొమ్మను వెలుగు కొలతగా మార్చేటప్పుడు వాడే సాధారణ సూత్రంలో ఎరుపుకు సుమారు 30 శాతం, ఆకుపచ్చకు 59 శాతం, నీలానికి 11 శాతం బరువు ఇస్తారు. పచ్చని పసుపు రంగు అంటే ఎరుపు, ఆకుపచ్చల కలయిక కాబట్టి దాని వెలుగు తెలుపుకు దగ్గరగా 89 శాతం దాకా వస్తుంది. అందువల్ల పసుపు చుక్క తెల్లని అంచులో పడినా కోడ్‌కు దాదాపు లెక్కలోకి రాదు. కుంకుమ సంగతి వేరు. స్వచ్ఛమైన ఎరుపే 30 శాతం దగ్గర ఆగితే ముదురు కుంకుమ ఇంకా కిందికి, నలుపు వైపు ఉంటుంది. నడిమధ్య పెట్టిన చిన్న కుంకుమ బొట్టును రీడ్, సాలమన్‌ల గణితం సరిచేస్తుంది. మూల చదరానికి తాకుతూ అంచులో పెట్టిన బొట్టును సరిచేసే ఏర్పాటు లేదు. స్టాండు నెత్తిన, కోడ్‌కు దూరంగా పెట్టిన బొట్టుతో ఏ బాధా లేదు.

సబ్బుల మీద, బిస్కట్ ప్యాకెట్ల మీద ఉండే గీతల బార్‌కోడ్‌కు ఈ నియమం ఇంకా పాతది. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో దుకాణాల్లో ఆ గీతల స్కానింగ్ మొదలైంది. మన దగ్గర కనిపించే 13 అంకెల బార్‌కోడ్‌కు ఎడమవైపు 11, కుడివైపు 7 సన్నగీతల వెడల్పున ఖాళీ ఉండాలి. సన్నగీత ప్రామాణిక వెడల్పు 0.33 మి.మీ. కాబట్టి అవి సుమారు 3.6, 2.3 మిల్లీమీటర్లు. ఈ ఖాళీని కాపాడటానికి ముద్రణలోనే ఒక ఉపాయం ఉంది. భారత్‌లో నమోదైన సంస్థల అంకెలు 890తో మొదలవుతాయి (సరుకు ఇక్కడే తయారైందని మాత్రం దాని అర్థం కాదు). అందులో మొదటి అంకె అయిన 8, మిగతా అంకెల్లా గీతల కింద కాకుండా ఎడమవైపు బయట ఒంటరిగా నిలబడి ఉంటుంది. కొన్ని ప్యాకెట్లపై కుడి చివర బాణం మొనలాంటి చిన్న గుర్తు కూడా కనిపిస్తుంది. కుడి ఖాళీ ఎక్కడిదాకా ఉండాలో డిజైనర్‌కు చూపించడమే దాని పని. బిల్లింగ్ కౌంటర్లలో ఎర్రని లేజర్ వాడే స్కానర్లకు ఎరుపు, తెలుపు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, ఫోన్‌ను తికమక పెట్టే కుంకుమ మరక అక్కడ దాదాపు అదృశ్యం.

డిజైనర్ల ఇబ్బందిని కూడా తేలిగ్గా తీసేయలేం. వరుసకు 33 గడులున్న కోడ్‌ను 5 సెంటీమీటర్ల చదరపు స్టిక్కర్‌లో పెట్టాలంటే, రెండు వైపుల ఖాళీ కలిపి 41 గడులు పట్టాలి. అంటే ఒక్కో గడి 1.22 మి.మీ. అవుతుంది, స్టిక్కర్ వైశాల్యంలో 35 శాతం ఉత్త తెలుపుకే పోతుంది. అంచు తీసేస్తే గడి 1.5 మి.మీ. దాటుతుంది. అతి చిన్నదైన 21 గడుల కోడ్‌కైతే దాదాపు సగం చోటు ఖాళీకే పోతుంది. డబ్బు పెట్టి అచ్చువేయించే చోటులో సగం వదిలేయమంటే ఎవరికైనా చేతులు రావు. పైగా గడి పెద్దదైతే దూరం నుంచి బాగా చదువుతుందన్న వాదనలో కొంత నిజం ఉంది. అయినా గడి పరిమాణం పెంచాలంటే అంచు తీయడం కన్నా కోడ్‌లో పెట్టే సమాచారాన్ని తగ్గించడం, పొడవాటి వెబ్ చిరునామాను కుదించడం మేలైన దారి. అక్షరాలు తగ్గితే గడులూ తగ్గుతాయి.

పాత నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక చేనేతకు కట్టే చీటీ మీద కోడ్ ముద్రించే వారికి ఇంకో చిక్కు ఎదురవుతుంది. కోడ్ చుట్టూ ఇక్కత్ నమూనాను అంచుగా వేయాలని ఎవరికైనా మనసు పుడుతుంది, అది అందంగానూ ఉంటుంది. అయితే తేలియా రుమాలు అనే ఇక్కత్ వస్త్రంలో ఎరుపు, నలుపు, తెలుపుల్లో గడిలోపల గడిగా సాగే ఆకారాలు మూల చదరాలకు దూరపు చుట్టాల్లాంటివి. వాటిని కోడ్‌కు ఆనించి వేస్తే యంత్రం వెతకాల్సిన అనుమానితులు పెరుగుతారు. అదే నమూనాను 4 గడుల అవతలి నుంచి మొదలుపెడితే అందమూ ఉంటుంది, కోడూ చదువుతుంది.

మందుల పెట్టెలది ఇంకా ఇరుకు వ్యవహారం. 2023 ఆగస్టు 1 నుంచి దేశంలో 300 మందుల బ్రాండ్లకు బార్‌కోడ్ గాని క్యూఆర్ కోడ్ గాని తప్పనిసరి అయింది. జడ్చర్ల దగ్గరి పోలేపల్లిలాంటి చోట్ల ఉన్న ఔషధ పరిశ్రమల్లో ప్యాకింగ్ పని చూసేవారికి పెట్టె మీద ప్రతి మిల్లీమీటరూ లెక్కే. యూరప్‌కు వెళ్లే మందులపై వాడే డేటా మ్యాట్రిక్స్ అనే కోడ్‌కు ఒక్క గడి ఖాళీ చాలు. ఆజ్‌టెక్ అనే మరో రకానికి అదీ అక్కర్లేదు, ఎందుకంటే దాన్ని గుర్తించే చదరాల గుర్తు మూలల్లో కాకుండా నట్టనడుమ, కోడ్ గడుల మధ్యే భద్రంగా ఉంటుంది. గుర్తింపు గుర్తులను మూలల్లో పెట్టుకున్నందుకు క్యూఆర్ కోడ్ చెల్లించే మూల్యమే ఈ 4 గడులని చెప్పవచ్చు.

అంచు లేకుండానే మా ఫోన్‌లో చక్కగా పనిచేస్తోందని చెప్పేవారు చాలామంది ఉంటారు, వారి మాట అబద్ధం కాదు. కొత్త ఫోన్లలోని సాఫ్ట్‌వేర్లు నిష్పత్తుల మీదే ఆధారపడకుండా, లక్షల బొమ్మలతో నేర్చుకున్న పద్ధతులతో కోడ్‌ను గుర్తిస్తాయి. అయితే డిజైన్ చేసినవారి ఖరీదైన ఫోన్, ట్యూబులైటు వెలుగు, ఎదురుగా నిటారుగా పట్టుకున్న కాగితం ఇవేవీ బజారులో ఉండవు. లామినేషన్ మీద మే నెల ఎండ మెరుస్తుండగా, బండికి ఇవతల నిలబడి, నాలుగైదేళ్ల నాటి ఫోన్‌తో ఏటవాలుగా స్కాన్ చేసే మనిషిని ఊహించుకుని పరీక్షించాలి. ఆ పరీక్షకు ఇంట్లోని పాత ఫోనే మంచి పనిముట్టు.

జాతర చందాల కోసమో, సభల కోసమో వేసే ఫ్లెక్సీల్లో ఈ పొరపాటు పెద్దదై కనిపిస్తుంది. స్టిక్కర్‌లో సరిపోయిన అర సెంటీమీటరు ఖాళీనే ఫ్లెక్సీలోనూ వదిలి, దాని అవతల ముదురు రంగు పోస్తారు. 33 గడుల కోడ్‌ను మీటరు వెడల్పున వేస్తే ఒక్కో గడి 3 సెంటీమీటర్లు, కాబట్టి చుట్టూ 12 సెంటీమీటర్ల తెలుపు కావాలి. ప్రింటింగ్ షాపుకు ఫైలు పంపేటప్పుడు ఆ తెలుపును బొమ్మలోనే భాగంగా చేర్చి, దాని వెలుపల లేత బూడిదరంగులో సన్నని కత్తిరింపు గీత పెట్టి పంపితే, కత్తెర పట్టినవారికి ఎక్కడ ఆగాలో వేరే చెప్పాల్సిన పని ఉండదు.