ఆరుగురు ఎక్కితే ఐదుగురి మార్కులే

ఇర్వింగ్, టెక్సాస్
2025 ఏప్రిల్ 22

చిన్నీ, బన్నీ,

నిన్న వీడియో కాల్‌లో మీరడిగినదానికి నేను నోరు తెరిచేలోపే మీ నాన్నకి ఆఫీసు టైమైంది, ఫోను లాక్కున్నాడు. "ఫస్ట్ ర్యాంకు టీము ఫైనల్‌కే రాకపోవడమేంటి తాతయ్యా, చీటింగా?" అనే కదా మీ ప్రశ్న. చీటింగ్ ఏమీ లేదు. ఫోన్లో తెమిలేది కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

మొన్న 19వ తేదీ శనివారం మీ బాబాయి నన్ను ఫోర్ట్‌వర్త్ తీసుకెళ్ళాడు. అక్కడ డికీస్ అరీనా అని పెద్ద స్టేడియం. అమెరికా కాలేజీ అమ్మాయిల జిమ్నాస్టిక్స్ ఫైనల్ అందులోనే. ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి, నాకు ఇంతకంటే పెద్ద తీర్థయాత్ర ఏముంటుంది చెప్పండి! మీ నానమ్మ మాత్రం టికెట్టు ధర విని ఇంట్లోనే ఉండిపోయింది.

జిమ్నాస్టిక్స్ అనగానే మీకు ఒక్క అమ్మాయి, ఒక్క పతకం గుర్తొస్తాయి. మన హైదరాబాదు అమ్మాయి బుడ్డా అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో మన దేశానికి అదే మొదటి పతకం. అక్కడ పడినా లేచినా ఆమె ఒక్కతే. ఇక్కడి కాలేజీల పోటీ అలా కాదు, అసలు లెక్కంతా జట్టుదే.

అంశాలు నాలుగు. పరుగెత్తుకొచ్చి బల్ల మీద చేతులు ఆనించి గాల్లోకి లేచేది వాల్ట్. ఒకటి పైన, ఒకటి కింద ఉండే కడ్డీల మీద ఊగేది బార్స్. పది సెంటీమీటర్ల వెడల్పు పట్టె మీద పిల్లిమొగ్గలు వేసేది బీమ్. పది సెంటీమీటర్లంటే బెత్తెడు కంటే కాస్త ఎక్కువ, అంతే. దాని ఎత్తేమో 125 సెంటీమీటర్లు, అంటే బన్నీ గడ్డం దాకా వస్తుంది. నాలుగోది పాట పెట్టుకుని చేసే ఫ్లోర్.

ఒక్కో అంశంలో జట్టు నుంచి ఆరుగురు చేస్తారు. ఒక్కొక్కరికి గరిష్ఠంగా 10 మార్కులు. ఒలింపిక్స్‌లో పదికి పది అనే పద్ధతి 2006లోనే పోయింది కానీ కాలేజీలవాళ్ళు దాన్ని వదల్లేదు. నాకైతే ఇదే నచ్చింది. పదికి ఎన్ని అంటే ఎవరికైనా అర్థమవుతుంది కదా.

ఇప్పుడు అసలు కిటుకు వినండి. ఆరుగురి మార్కుల్లో అన్నిటికంటే తక్కువది తీసేసి మిగతా ఐదే కలుపుతారు. అంశానికి 50, నాలుగింటికి కలిపి 200. బీమ్ మీద ఒక అమ్మాయి పడిందనుకోండి, పడినందుకే అర మార్కు పోతుంది. ఆమెకి 9.3 వచ్చి, మిగతా ఐదుగురికీ 9.9 చొప్పున వస్తే జట్టుకి నష్టమేమీ లేదు. ఆ 9.3 లెక్కలోకే రాదు. కానీ ఆమె తర్వాత ఇంకో అమ్మాయి కూడా పడితే ఆ రెండో 9.3 కలపక తప్పదు. ఒక్కసారిగా 0.6 పోయినట్టే. శనివారం గెలిచిన ఓక్లహోమా యూనివర్సిటీకి 198.0125, రెండో స్థానంలో ఉన్న యూసీఎల్‌ఏకి, అంటే లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి, 197.6125. మధ్యలో తేడా ఎంతో మీరే తీసివేత చేసి చూడండి. మూడో స్థానం మిజోరీది, 197.2500. నాలుగో స్థానం యూటాది, 197.2375. 1982లో ఈ పోటీ మొదటిసారి జరిగినప్పుడు గెలిచింది ఆ యూటా జట్టే.

ఇక ర్యాంకు సంగతి. జనవరి నుంచి మార్చి దాకా దాదాపు ప్రతి వారం ఎక్కడో ఒకచోట పోటీ ఉంటుంది. వాటిలో జట్టుకి వచ్చిన ఆరు మంచి స్కోర్లు తీసుకుంటారు. వాటిలో కనీసం మూడు బయటి ఊళ్ళలో తెచ్చుకున్నవై ఉండాలి. మన ఊళ్ళో మనవాళ్ళ చప్పట్ల మధ్య అందరూ బాగానే చేస్తారు కదా, అందుకు. ఆ ఆరింటిలో అన్నిటికంటే ఎక్కువది తీసేసి మిగిలిన ఐదింటికి సగటు కడతారు. గమనించారా? పోటీ రోజున తక్కువది తీసేస్తారు, ర్యాంకు దగ్గర ఎక్కువది తీసేస్తారు. ఈ నియమం పెట్టినవాళ్ళెవరో పిల్లలతో బాగా వేగినవాళ్ళే అయ్యుండాలి.

అయితే ఆ సగటు సెమీఫైనల్‌కి పనికిరాదు. సీజన్ చివరి పోటీలు 36 జట్లతో మొదలై, సెమీఫైనల్స్‌కి ఎనిమిది మిగులుతాయి. నాలుగేసి చొప్పున రెండు సెమీఫైనల్స్. ఒక్కోదాంట్లో మొదటి రెండు జట్లే ఫైనల్‌కి. అక్కడ అంతకుముందు వచ్చిన మార్కులన్నీ సున్నా. 2024లో ఒకటో ర్యాంకు ఓక్లహోమాది. అంతకుముందు రెండేళ్ళూ కప్పు వాళ్ళదే. సెమీఫైనల్లో మొదటి అంశమైన వాల్ట్ దగ్గరే ఒకరికి మించి పడ్డారు. అంతే, ఇంటికి. ఆ ఏడాది కప్పు లూసియానా స్టేట్ యూనివర్సిటీవాళ్ళు, అంటే ఎల్‌ఎస్‌యూ, ఎత్తుకెళ్ళారు. వాళ్ళకి అదే మొదటిసారి. ఆ ఫైనల్లో వాళ్ళ చివరి అంశం బీమ్, చివరి అమ్మాయి అలియా ఫినెగన్. అంత టెన్షన్‌లోనూ 9.95 తెచ్చింది. మరి ఈ ఏడాది? ఒకటో ర్యాంకు ఎల్‌ఎస్‌యూది, సెమీఫైనల్లో ఆగిపోయింది. కప్పు ఓక్లహోమాకి. మీరడిగింది ఈ ఎల్‌ఎస్‌యూ గురించే.

నేను మాత్రం మార్కుల బోర్డు కంటే పక్కన నిలబడ్డ పిల్లల్నే ఎక్కువ చూశాను. ఈ సీజనంతా టీవీలోనూ అదే పని. ఒక అమ్మాయి పడిందంటే, దిగగానే కోచ్ భుజం మీద చెయ్యి వేస్తుంది, తోటి పిల్లలు చుట్టూ మూగుతారు. ఆ తర్వాతి అమ్మాయి మాత్రం అక్కడికి రాదు. చేతులకి సుద్దపొడి రాసుకుంటూ బీమ్‌నే చూస్తూ ఉంటుంది. ఇప్పుడు తాను పడకూడదని ఆమెకి తెలుసు. ఆ సంగతి ఆమెకి ఎవ్వరూ గుర్తుచెయ్యరు.

1987లో నేను పనిచేసే బడి వార్షికోత్సవానికి ఆరుగురు ఆడపిల్లలతో వాల్టింగ్ బాక్సు మీంచి పల్టీలు కొట్టించాను. రెండో అమ్మాయికి కాలు తగిలి పడింది. ఊరంతా చూస్తుండగా నేను ఆమె మీద నోరు పారేసుకున్నాను. మూడో అమ్మాయి వేగంగా పరుగెత్తుకుంటూ వచ్చి బాక్సు ముందు ఠక్కున ఆగిపోయింది. బాక్సు వైపు చూడటం లేదు, నా వైపు చూస్తోంది.

వచ్చే నెల వస్తున్నాం. శనివారం నా చేత్తో రాసుకున్న మార్కుల కాగితం తెస్తాను, కూడికలు సరిచూద్దురుగాని. బాబాయి ఏవో చాక్లెట్లు కొన్నాడు, నానమ్మ వాటిని ఇప్పటికే సూట్‌కేసులో సర్దేసింది.

మీ
తాతయ్య