చుక్కను కొలిచిన వ్యాపారి

చిన్నారులకు తాతయ్య ఆశీస్సులు.

ఫోన్లు, ఉపగ్రహాలు లేని రోజుల్లో పటాలు గీసేవాళ్లకు తామెక్కడున్నారో ఎలా తెలిసేదని చిట్టి అడిగింది. మంచి ప్రశ్న. లెక్కల జోలికి పోను గానీ, ఉత్తర అమెరికాలో తిరిగి పటాలు గీసిన తోళ్ల వ్యాపారి డేవిడ్ థాంప్సన్ సంగతి చెబుతాను.

1770లో లండన్‌లో పుట్టాడు. రెండేళ్లకే తండ్రి పోయాడు. ధర్మబడిలో చదివి, పద్నాలుగేళ్లకు హడ్సన్స్ బే కంపెనీలో పనికి కుదిరి, ఓడెక్కి కెనడాలోని చర్చిల్ రేవులో దిగాడు. కంపెనీ వ్యాపారం బీవర్ తోళ్లు. నీళ్లకు అడ్డంగా దుంగలు పేర్చి ఆనకట్ట కట్టుకునే జంతువది. దాని మెత్తటి బొచ్చుతో ఐరోపా దొరలకు టోపీలు చేసేవారు. టోపీల కోసం ఖండమంతా గాలించారంటే నవ్వొస్తుంది కదూ!

1788లో కాలు విరిగి మంచాన పడ్డాడు. కోలుకుంటూనే ఫిలిప్ టర్నర్ అనే సర్వేయరు దగ్గర చుక్కల లెక్క నేర్చుకున్నాడు. కుడికంటి చూపు పోయిందీ ఆ రోజుల్లోనే. అయినా, పని నేర్చుకునే గడువు ముగిశాక కంపెనీ ఇచ్చే కొత్త బట్టలు వద్దని, కొలిచే పరికరాలు అడిగాడు. మీరైతే ఏమడుగుతారు?

ఇక చిట్టి ప్రశ్న. మా చిన్నప్పుడు కార్తీకమాసంలో శివాలయం ధ్వజస్తంభానికి ఆకాశదీపం కట్టేవారు. పూజారిగారు చిల్లుల ఇత్తడి పాత్రలో దీపం పెట్టి, తాడుతో పైకి లాగుతుంటే మేం తాడు పట్టుకోవడానికి తోసుకునేవాళ్లం. ఆయన కసిరేవారు, తర్వాత ప్రసాదం ఇంకాస్త పెట్టేవారనుకోండి. కాలవగట్టు మీంచి చూస్తే ఆ దీపం తాటిచెట్ల తలల దగ్గరే కనిపించేది. గుడి దగ్గరయ్యేకొద్దీ మెడ ఎత్తాలి. స్తంభం కిందకు చేరితే సరిగ్గా నడినెత్తిన. మెడ ఎంతెత్తామో చూసుకుంటే గుడికెంత దూరమో తెలిసిపోయేది. ఉత్తర ధ్రువానికి ధ్రువనక్షత్రం అలాంటి దీపం. హైదరాబాదులో అది పదిహేడు డిగ్రీల ఎత్తున, చర్చిల్‌లో దాదాపు యాభై తొమ్మిది డిగ్రీల ఎత్తున ఉంటుంది. దీపం దగ్గరిది, చుక్క ఎంతో దూరంది, మరి రెండూ ఒకటెలా అంటారా? భూమి గుండ్రం కాబట్టి. అంతకు మించి అడిగితే మీ లెక్కల మాస్టారి దగ్గరకు పొండి.

కొండల్లో దిగంతం సరిగా కనపడదు. అందుకని థాంప్సన్ చిన్న పళ్లెంలో పాదరసం పోసి, చుక్కకూ పాదరసంలో దాని ప్రతిబింబానికీ మధ్య కోణం కొలిచి, సగం చేసేవాడు. పగలు సూర్యుడితోనూ అంతే.

1797లో పోటీ తోళ్ల కంపెనీ అయిన నార్త్ వెస్ట్ కంపెనీకి మారాడు. 1799లో షార్లెట్ స్మాల్‌ను పెళ్లాడాడు. ఆమె తల్లి అక్కడి ఆదివాసులైన క్రీ జాతి మనిషి. పదముగ్గురు పిల్లలు. పసివాళ్లతో ఆమె కూడా అడవులూ నదులూ దాటింది. స్థానికులు దారి చూపకపోతే ఆయన ఎన్ని చుక్కలు కొలిచినా ఆకలితో పోయేవాడే. ఆ మాట చాలామంది మింగేస్తారు.

1811లో కొలంబియా నది వెంట సముద్రం చేరాడు. అప్పటికే అక్కడ అమెరికా తోళ్ల వ్యాపారి ఆస్టర్ కంపెనీవాళ్లు కోట కట్టుకుని కూర్చున్నారు! 1814లో తాను తిరిగిన ప్రాంతాలకు గోడంత పటం పూర్తిచేశాడు. 1857లో పేదవాడిగా పోయాడు. మూడు నెలలకు షార్లెట్ కూడా.

ఇప్పుడు మీ పని. కార్తీకమాసంలో తెల్లవారుజామున లేచి ఈశాన్యంలో సప్తర్షులను చూడండి. మంచంకోళ్లలాంటి నాలుగింటిలో తోకకు దూరంగా ఉన్న రెండింటినీ కలిపి గీత ఉత్తరానికి పొడిగిస్తే ధ్రువనక్షత్రం. చెయ్యి చాచి, నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టి కొలవండి. పిడికిలి సుమారు పది డిగ్రీలు. మీకు రెండుకు లోపే రావాలి, డాలస్‌లో ఉన్న చిన్నోడికి మూడు దాటాలి. వాడికీ చెప్పి, ఎవరికెన్ని వచ్చాయో నాకు రాయండి.

మీ తాతయ్య