చిమ్నీని చూసి ఫ్యాక్టరీని అంచనా వేయొద్దు: అపోహలు - వాస్తవాలు

ఎరువుల రంగంలో ప్రాసెస్ ఇంజినీర్‌నని తెలిస్తే చాలు, మా గోదావరిఖని, పెద్దపల్లి వైపు అందరూ అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: ఫ్యాక్టరీ మీద లేచే తెల్లటి పొగంతా విషమే.
కూలింగ్ టవర్ మీద కనిపించేది చాలావరకు నీటి ఆవిరి. చలికాలం పొద్దున దట్టంగా ఉంటుంది, ఎండెక్కితే పలచబడుతుంది. అసలు సంగతి కంటికి కనిపించని కార్బన్ డయాక్సైడ్‌ది.

అపోహ: బొగ్గు పోయి గ్యాస్ వచ్చింది, ఇక కాలుష్యం లేదు.
రామగుండంలో బొగ్గుతో నడిచిన పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. 2021లో మొదలైన కొత్తది సహజవాయువుతో నడుస్తుంది, సామర్థ్యం ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా. బూడిద బెడద తప్పింది, నిజమే. కానీ ఇక్కడ గ్యాస్ ఇంధనమే కాదు, ముడిసరుకు కూడా. యూరియాకు మూలమైన అమ్మోనియాకు కావాల్సిన హైడ్రోజన్‌ను గ్యాస్‌లోని మీథేన్ నుంచి లాగాక, మిగిలిన కార్బన్ ఎటో ఒకవైపు పోవాలి కదా!

అపోహ: ఆ కార్బన్‌ను యూరియాలోనే కలిపేస్తారు, లెక్క సరి.
ఇది మా రంగంలోనే ఎక్కువగా వినిపించే మాట. టన్ను యూరియాకు సుమారు 0.57 టన్నుల అమ్మోనియా, 0.73 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పడతాయి. అయితే పొలంలో చల్లాక నేలలోని యూరియేజ్ అనే ఎంజైమ్ యూరియాను విడగొడుతుంది, ఆ కార్బన్ చాలావరకు మళ్లీ గాలిలోకే పోతుంది. చేబదులు తీసుకున్నట్టే తప్ప వదిలించుకున్నట్టు కాదు. పైగా నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 273 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. చేను నల్లగా కనబడాలని మక్కకు వేసే అదనపు బస్తా ఏ ఫ్యాక్టరీ లెక్కలోనూ ఉండదు. యూరియా గింజలకు వేసే వేపపూత నత్రజని విడుదలను నెమ్మదింపజేస్తుంది గనుక బస్తాలు తగ్గించవచ్చు. పూతను నమ్మి తగ్గించేవాళ్లు మాత్రం తక్కువే.

అపోహ: పర్యావరణమంటే కోట్ల ఖర్చు.
స్టీమ్ ట్రాప్ అని ఆవిరి లైన్లలో చిన్న పరికరం ఉంటుంది. చల్లబడి నీరైనదాన్ని వదిలి, ఆవిరిని ఆపడం దాని పని. తెరుచుకుని ఇరుక్కుంటే రాత్రింబవళ్లు ఆవిరి వృథా, అంటే గ్యాస్ వృథా. రౌండ్లకు వెళ్లిన ఆపరేటర్ రాడ్ ఆనించి చెవి పెడితే, మంచి ట్రాప్ ఆగి ఆగి టిక్కుమంటుంది, చెడినది ఆపకుండా బుసకొడుతుంది. మారిస్తే పెట్టుబడి తొందరగానే తిరిగొస్తుంది. అమ్మోనియా, మిథనాల్ కలిసిన కండెన్సేట్‌ను, అంటే ఆవిరి చల్లబడి ఏర్పడిన నీటిని, ఆవిరితో శుభ్రం చేసి బాయిలర్‌కు మళ్లీ పంపితే గోదావరి నీళ్లూ తక్కువే పడతాయి. మరమ్మతులకు ప్లాంటు ఆపే షట్‌డౌన్‌లో ఇలాంటి చిల్లర పనులే ముందు వాయిదా పడతాయి. నాకు ఒళ్లు మండేది అక్కడే.

అపోహ: గ్రీన్ హైడ్రోజన్ (సౌర, పవన విద్యుత్‌తో నీటిని విడగొట్టి తీసేది) వస్తే సమస్య తీరినట్టే.
అమ్మోనియా వరకు సరే. యూరియా చేయాలంటే కార్బన్ డయాక్సైడ్ కావాలి, నీటిని విడగొడితే అది రాదు. పక్కనున్న థర్మల్ కేంద్రం పొగ నుంచి పట్టుకోవచ్చు, కానీ అది బొగ్గు కార్బనే, పొలం దాటి తిరిగి గాలిలోకే వెళ్తుంది.