హుండీలో వేయడం వేరు, స్కానర్‌కు కొట్టడం వేరు

తిరుపతిలో టీ కొట్టుకీ స్కానర్ ఉంది, వినాయక చవితి పందిరికీ స్కానర్ ఉంది. చివరికి ఏడుకొండలవాడికీ ఈ-హుండీ ఉంది. ఎన్నికల చందా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఫోను జేబులోంచి బయటికి రాదు. "నా వెనక పార్టీ లేదు, డబ్బు లేదు, తలా వంద వేస్తే నిలబడతా" అంటూ వాట్సాప్‌లో స్కానర్ పంపే కుర్రవాళ్లకు చప్పట్ల బొమ్మలు బోలెడు వస్తాయి, వందలు రావు. జనం పిసినారులని తీసిపారేస్తే పొరపాటే. ఇవ్వడం తెలియని ఊరా ఇది?

రాజకీయానికి ఇవ్వడమూ మనకు కొత్త కాదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కూర్చున్న అఖిల భారత కాంగ్రెస్ కమిటీ, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చేయాలని తీర్మానించింది. గడువు జూన్ 30, అంటే మూడు నెలలు. అదే ఏడాది సెప్టెంబరు చివర్లో గాంధీ రాయలసీమలో తిరుగుతూ తిరుపతికీ వచ్చారు. ఆ రోజుల్లో సభలోనే నగలు తీసి ఇచ్చినవాళ్లున్నారు. నలుగురి ముందూ ఇవ్వడమే గౌరవం. తర్వాత కమ్యూనిస్టులు ఎర్రగుడ్డ పట్టుకుని, డబ్బా మోగిస్తూ వీధులు తిరిగారు. బజారులో ఆ డబ్బా చప్పుడు ఇప్పటికీ అప్పుడప్పుడూ వినిపిస్తుంది.

మరి ఎక్కడ తెగింది? నా లెక్కలో 1969లో, 1974లో. కంపెనీలు పార్టీలకు చందా ఇవ్వకూడదని 1969లో నిషేధం వచ్చింది. డబ్బు ఆగలేదు, చెక్కు మానేసి సంచిలో వచ్చింది. 1974లో కన్వర్ లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ పెట్టే ఖర్చునూ అభ్యర్థి ఖర్చు లెక్కలోనే వేయాలంది. ఆ ఏడాది దాటకుండానే చట్టం సవరించి పార్టీ ఖర్చును ఆ లెక్కలోంచి తప్పించేశారు. 1985లో కంపెనీల చందాకు మళ్లీ తలుపు తెరిచేనాటికి నోట్ల కట్టలు అలవాటైపోయాయి. పెద్ద డబ్బు పైనుంచి దిగుతుంటే కింద వంద రూపాయల కోసం చేయి చాచే అవసరం ఎవరికుంటుంది? చందా ఇచ్చే ఓటరు కాస్తా డబ్బు అందుకునే ఓటరయ్యాడు. "ఎంత పంచుతున్నారు?" అని అడిగే వీధిలో "మీరెంత ఇస్తారు?" అని అడగాలంటే గుండె కావాలి.

సినిమా గ్లామర్ ఉంటే జనం, డబ్బు వాటంతటవే వస్తాయనేవాళ్లున్నారు. 1983లో ఎన్టీఆర్, 2009లో చిరంజీవి తిరుపతి నుంచి గెలిచారు నిజమే. చందా అవసరం ఆ గ్లామర్ లేనివాడికి కదా.

ఆన్‌లైన్ దారిని తెలుగువాళ్లకు కాస్త ముందుగా చూపించింది 2006లో పార్టీగా మారిన లోక్‌సత్తా. ఉద్యోగస్తుల చిన్న చందాల మీద ఆశ పెట్టుకున్న పార్టీ అది. 2013లో ఢిల్లీలో ఆమ్ ఆద్మీ పార్టీ దాతల వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టి వసూలు చేసింది. 20 కోట్లు రాగానే ఇక చాలంది. 2016లో యూపీఐ వచ్చాక పని ఇంకా తేలికైంది. 2018లో బీజేపీ నమో యాప్‌లో 5 రూపాయల నుంచి తీసుకుంది. 2019లో బిహార్‌లోని బెగుసరాయ్‌లో సీపీఐ అభ్యర్థి కన్హయ్య కుమార్ అప్పటి లోక్‌సభ ఖర్చు పరిమితి 70 లక్షలు నిండేదాకా వసూలు చేసి ఆపేశాడు, ఎన్నికల్లో మాత్రం ఓడిపోయాడు. 2023 డిసెంబరులో కాంగ్రెస్ తన వయసు లెక్కన 138 రూపాయలు అడిగింది.

వీళ్లందరికీ దేశమంతా తెలిసిన పేరుంది. తిరుపతిలో 50 డివిజన్లలో ఒక దానికి నిలబడే మనిషికి ఆ వీధే దేశం. 2007లో కార్పొరేషన్ అయిన ఊరికి మొదటి ఎన్నికలు 2021 మార్చి 10న జరిగాయి. అక్కడ దాతకూ అభ్యర్థికీ మధ్య నాలుగిళ్ల దూరం. కథ మలుపు తిరిగేది ఇక్కడే.

మనకు ఇవ్వడంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి హుండీ. ఎవరు వేశారో, ఎంత వేశారో స్వామికి తప్ప తెలియదు. రెండోది పెళ్లి చదివింపులు. పుస్తకంలో పేరు, ఊరు రాసి, మైకులో చదివి మరీ చెబుతారు. పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చేందుకు 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లు హుండీ లాంటివి. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందంటూ సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న వాటిని కొట్టేసింది. ఫోన్‌పే చందా అచ్చంగా చదివింపులే. పేరు, టైము, మొత్తం అన్నీ పడతాయి.

ఇందులో ఒక వింత ఉంది. పార్టీకి 20 వేల దాకా ఇచ్చినవాడి పేరు ఆ పార్టీ ఎన్నికల సంఘానికి చెప్పక్కర్లేదు. పైగా నగదు కాకుండా ఇస్తే ఆదాయపు పన్నులో మినహాయింపు దొరకొచ్చు. ఇండిపెండెంటుకు ఇస్తే ఆ మినహాయింపు లేదు, పేరు మాత్రం అతని ఎన్నికల లెక్కల రిజిస్టరుకెక్కుతుంది. అసెంబ్లీకి నిలబడేవాడైతే నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు లెక్క రాయాలి. ఖర్చు పరిమితి 40 లక్షలు. ఫలితాలొచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. ఎగ్గొడితే మూడేళ్లు అనర్హత వేటు పడొచ్చు. ఆ లెక్కను రూపాయి రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. కార్పొరేషన్, పంచాయతీలకు రాష్ట్ర ఎన్నికల సంఘం పరిమితులు వేరు, లెక్క చెప్పడం మాత్రం అక్కడా తప్పదు.

పారదర్శకత కోసం పెట్టిన ఏర్పాటే ఇదంతా. కాదనను. కానీ ఆ రూపాయి కట్టి చూసేది ఎవరో బజారులో అందరికీ తెలుసు. రేపు ట్రేడ్ లైసెన్సుకో, ఇంటి ప్లానుకో వెళ్లాల్సిన చిన్న వ్యాపారి గెలిచినవాడి ప్రత్యర్థి పుస్తకంలో తన పేరు ఎందుకు పెట్టుకుంటాడు?

భయం లేనివాళ్లు దూరంగా ఉన్నవాళ్లే. బెంగళూరులో, అమెరికాలో ఉన్న మన పిల్లలు. అక్కడ ఇంకో చిక్కు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై ఇవ్వొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీయుడే. అతని పది డాలర్లు అభ్యర్థి తీసుకోవడం విదేశీ విరాళాల చట్టం ప్రకారం నేరం. స్కానర్ పాస్‌పోర్టు అడగదు కదా, ఆ జాగ్రత్తంతా అభ్యర్థిదే.

మా వీధిలో ఒక కుర్రాడు నిలబడినప్పుడు ఇస్త్రీ బండి ఆయన ఐదొందల నోటు మడిచి చేతిలో పెట్టాడు. "ఫోన్‌పే వద్దు సామీ, పేరు రాయొద్దు" అన్నాడు. కుర్రాడు ఆ రాత్రి రిజిస్టరు తెరిచాడు. వచ్చిన నగదు రాసే పేజీలో మొత్తం కన్నా ముందు దాత పేరు, చిరునామా గడి ఉంది. కాసేపు చూసి, పొద్దున్నే వెళ్లి నోటు తిరిగిచ్చేశాడు.